తిక్కదాని రాక వేళలు

ఫిబ్రవరి 9

పాత రేడియో టెలిస్కోప్ డిష్‌ను నాకు ఇచ్చేశారు. అరవై రోజులు నా ఇష్టం. విరిగిన కుర్చీని ఎవరికైనా అంటగట్టేటప్పుడు మనుషులు పెట్టే ముఖమే పెట్టారు డైరెక్టర్ గారు. "దాన్నెవరూ అడగట్లేదమ్మా, మీరే వాడుకోండి."

వాడుకుంటాను. ఒక్క నక్షత్రం వైపే తిప్పి, అది ఆకాశంలో ఉన్నంతసేపూ వింటాను. రేడియోకి పగలైనా రాత్రయినా ఒకటే. ఈ నెల ఆ నక్షత్రం పొద్దున ఎనిమిదికి ఎక్కి సాయంత్రం అయిదున్నరకి దిగుతోంది. మా ఆఫీసులో ఎవరికీ అంత క్రమశిక్షణ లేదు.

భోజనాల దగ్గర చెల్లి అడిగింది. "ఇంతకీ నీ నక్షత్రానికి రోగమేంటక్కా?"

"రోగం కాదు. రసాయన విచిత్ర తార అంటాం. పైపొరలో ఒకచోట సిలికాన్, ఇంకోచోట స్ట్రాన్షియం, మచ్చలు మచ్చలుగా పేరుకుపోతాయి. లోపల పెద్ద అయస్కాంతం. అదైనా తిన్నగా ఉండదు, ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. పదిహేడు గంటల చిల్లరకి ఒక చుట్టు తిరుగుతుంది. చుట్టుకి రెండుసార్లు మనవైపు రేడియోలో కేక పెడుతుంది. ఒక కేక కుడివైపు మెలితిరిగి వస్తుంది, రెండోది ఎడమవైపు."

"మిగతా టైమంతా?"

"సన్నగా గొణుగుతూ ఉంటుంది."

"ఒళ్ళంతా మచ్చలు, కడుపులో అయస్కాంతం, వేళ పెట్టుకుని మరీ కేకలు. తిక్కది అని ఒక్క ముక్కలో చెప్పొచ్చుగా."

అమ్మ పోయాక ఈ ఇంట్లో అంత గట్టిగా నవ్వడం ఇదే మొదటిసారి. చెల్లికి ఇరవై తొమ్మిదేళ్ళంటే నమ్మబుద్ధి కాదు. జడ వేసి బడికి పంపింది మొన్న మొన్నే అనిపిస్తుంది.

నక్షత్రానికి పేరు ఖాయం. తిక్కది.

ఫిబ్రవరి 12

కేక వచ్చింది. 11:37. నేను వేసుకున్న పట్టికకీ దానికీ అర నిమిషం తేడా. గడియారం గారు చప్పట్లు కొట్టారు. ఆయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. అణుగడియారాన్ని పసిపిల్లలా సాకుతారు కాబట్టి అందరికీ గడియారం గారే.

ఫిబ్రవరి 16

ఆదివారం. చెల్లి టీ పోస్తూ ఆగిపోయింది.

"వచ్చే వారం నుంచి బేకరీ ఆవిడ కూడా మా ఈత బ్యాచ్‌లో..." అంటూ మాట మధ్యలో ఆగింది. కూజా పట్టుకున్న చేయి మాత్రం ఒంగే ఉంది. కప్పు నిండి, సాసరు నిండి, బల్ల మీదుగా నా ఒళ్ళోకి కారింది టీ. తన కళ్ళు తెరిచే ఉన్నాయి. తల మెల్లగా కుడివైపు తిరిగింది, గోడలోంచి ఎవరో పిలిచినట్టు. రెండో చేతి వేళ్ళు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. పెదవులు చప్పరిస్తున్నాయి. పిలిచాను. భుజం పట్టి కుదిపాను. అక్కడ మనిషి లేదు.

తర్వాత నన్ను చూసింది, బల్లను చూసింది. "అయ్యో, ఇదెవరు పోశారు?"

"నువ్వే."

"జోకులెయ్యకు."

"ఎక్కడికెళ్ళిపోయావే?"

కాసేపు తడుముకుంది. "ఏమో. ఎవరో నా ముఖం మీద టార్చి వేసి, నన్ను చూసి, పక్కకి తిప్పేసుకున్నట్టుంది. నిద్ర చాలట్లేదులే అక్కా."

వృత్తి అలవాటు, ముందు గడియారమే చూశాను. 4:12. దాదాపు యాభై సెకన్లు.

ఫిబ్రవరి 17

నిన్నటి రికార్డు తెరిచాను. కుడివాటం కేక. శిఖరం 4:12.

ఏమీ లేదు. లోకంలో 4:12కి ఎన్నో జరుగుతాయి.

ఫిబ్రవరి 21

మళ్ళీ. పొద్దున చెల్లి చెప్పులేసుకుంటూ, ఒక కాలు చెప్పులో, ఒక కాలు బయట. తల ఎడమవైపు తిరిగింది. నలభై సెకన్లు. వంటింటి గడియారం 9:08 చూపించింది. అది అయిదు నిమిషాలు ముందు నడుస్తుంది. అంటే 9:03.

ఆఫీసుకి వెళ్ళి చూశాను. ఎడమవాటం. 9:03.

నక్షత్రం గురించి తనకి కేక అని చెప్పానే గాని, దీపస్తంభం వెలుగులా చుట్టూ తిరిగే కిరణపుంజం అని చెప్పలేదు. టార్చి అన్న మాట తనకెలా వచ్చింది?

ఫిబ్రవరి 22

ఆకుపచ్చ అట్ట నోటుబుక్ తెచ్చాను. డాక్టరు దగ్గరికి ఉత్త చేతుల్తో వెళ్తే ఏం లాభం? వేళలుండాలి, ఎంతసేపన్నది ఉండాలి. చెల్లి కోసమే. రెండు గళ్ళు గీశాను. మొదటిదానికి వేళ అని రాశాను. రెండోదానికి తి. అని.

ఫిబ్రవరి 28

చెల్లి అడిగింది. "అక్కా, నేనేమైనా మర్చిపోతున్నానా? సినిమాలో రీలు తెగినట్టు అవుతోంది మధ్య మధ్యలో."

"అందరికీ అవుతుంది."

"నీకూ అవుతుందా?"

"అవుతుంది."

ఇప్పటికి అయిదు. అయిదుకి అయిదూ కలిశాయి.

మార్చి 3

సాయంత్రం కేక 8:20కి అని పట్టిక. ఆ వేళకి తిక్కది దిగిపోయి ఉంటుంది. మా కాళ్ళ కింద, భూమికి ఆవలివైపు. డిష్‌కి వినపడదు. ఏ రేడియోకీ వినపడదు.

చెల్లి దుప్పటి మడత పెడుతూ ఆగిపోయింది. దుప్పటి అంచు గడ్డం కింద నొక్కిపెట్టుకుని అలాగే నిలబడింది. తల కుడివైపు, కొంచెం కిందికి. నేల వైపు.

వంటింటి గడియారం 8:14 చూపించింది. ఈ మధ్య వెనకబడుతోంది. బ్యాటరీ మార్చాలి. 8:20.

మార్చి 6

గడియారం గారిని మాటల మధ్యలో అడిగాను, నక్షత్రం కేక మనిషికి తగులుతుందా అని. ఆయన నవ్వలేదు, కాగితం తీసుకుని లెక్కేశారు.

"వందేళ్ళపాటు మన డిష్ మీద పడ్డ కేకలన్నీ మూటగట్టినా, ఒక చీమ గడ్డిపరక ఎక్కడానికి చాలదు. ఎందుకడిగారు?"

"ఊరికే."

"మీరు సరిగ్గా తింటున్నారా?"

తింటున్నానన్నాను. ఆయన లెక్క మళ్ళీ వేసి చూశాను. సరిగ్గానే ఉంది. లెక్క శక్తి గురించి. పిలుపుకి శక్తి ఎంత కావాలి? పేరు పెట్టి పిలిస్తే మనిషి తల తిప్పుతాడు. ఆ పిలుపులో ఎంత బలముందని?

మార్చి 10

నరాల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. 14వ తేదీ, 11:15.

మార్చి 12

14న కేక 11:02కి. ఆ వేళకి చెల్లి డాక్టరు వరండాలో, నలుగురి మధ్య ఉంటుంది. మందులు మొదలుపెడితే ఇక ఏదీ తెలియదు. ఫోన్ చేసి ఏప్రిల్ 10కి మార్చుకున్నాను. 9తో నా అరవై రోజులూ అయిపోతాయి.

చెల్లికి డాక్టరు ఊళ్ళో లేడని చెప్పాను. "పర్లేదులే" అంది.

డాక్టరు ఆవిడ. ఆయన కాదు. అబద్ధం కూడా జాగ్రత్తగా ఆడలేదు నేను.

మార్చి 15

8:51. తల ఎటు తిప్పిందో సరిగ్గా చూడలేదు. ఎడమ అని రాశాను. ఎడమే అయ్యుంటుంది.

మార్చి 19

7:40కి చెల్లి తన గదిలో తలుపేసుకుని ఉంది. చప్పుడేమీ లేదు. జరిగే ఉంటుంది. రాశాను.

మార్చి 22

చెల్లి ఈతకొలను నుంచి ఎగురుకుంటూ వచ్చింది. తన దగ్గర నేర్చుకునేవాళ్ళంతా పెద్దవాళ్ళే, నీళ్ళంటే వణికేవాళ్ళు. బేకరీ ఆవిడ నెల రోజుల్నుంచీ మెట్టు దిగి ఎక్కడమే గాని, ముఖం ముంచింది లేదు.

"ఇవాళ ముంచిందక్కా! అయిదు లెక్కపెట్టేదాకా ఉంది. పైకొచ్చి నన్ను పట్టుకుని ఒకటే ఏడుపు. యాభై ఏళ్ళ భయం పోయిందంట. నాకూ ఏడుపొచ్చేసింది."

చెబుతుంటే ముఖం వెలిగిపోతోంది. నేను వింటున్నాను. వింటూనే గడియారం చూశాను. తను చూడలేదనుకుంటా.

మార్చి 26

రేపు 10:40. కుడివాటం.

చెల్లి క్లాసు పది నుంచి పదకొండు. నీళ్ళలో ఉంటుంది.

చెప్పాలి.

చెబితే ఎదురుచూస్తుంది. ఎదురుచూస్తే వచ్చినా దానికి విలువుండదు, రాకపోయినా ఉండదు. పైగా ఊరికే భయపెట్టడం. నేనే వెళ్తాను. గట్టు మీద ఉంటాను. అవసరమైతే పక్కనే ఉంటాను కదా.

నాకు ఈత రాదు.

మార్చి 27

ఉన్నది ఉన్నట్టు రాయాలి.

9:55కి వెళ్ళాను. చెల్లి ఆశ్చర్యపోయింది. "ఏంటి మహారాణి గారు దయచేశారు?" అని నా మీద గుప్పెడు నీళ్ళు చల్లింది. బేకరీ ఆవిడ, ఇంకో అయిదుగురు నాకు చేతులూపారు. నేను గట్టు మీద బల్ల చివర కూర్చున్నాను. పైకప్పు ఎత్తుగా ఉండి ప్రతి మాటా రెండుసార్లు వినపడుతోంది. క్లోరిన్ వాసనకి కళ్ళు మండాయి. గార్డు అవతలి కొసన తాడు బిగిస్తున్నాడు.

10:38. చెల్లి ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి, వెల్లకిలా తేలడం చూపిస్తోంది.

10:40. తేలుతోంది. నవ్వుతోంది. "నడుము వదిలెయ్యండి, నీళ్ళే మోస్తాయి" అంటోంది.

10:41. 10:43. 10:45.

ఏమీ జరగలేదు.

అప్పుడు నాకేమనిపించిందో రాయకపోతే ఈ డైరీ ఎందుకు? హమ్మయ్య అనిపించలేదు. కోపం వచ్చింది. పన్నెండు వేళలు కలిశాక పదమూడోది చెడింది. చెల్లి మీద కోపం వచ్చింది, పరీక్షలో అందరి ముందూ తప్పు చెప్పిన పిల్ల మీద వచ్చినట్టు.

10:48కి ఫోన్‌లో డిష్ పంపే సంకేతాల గీత తెరిచాను. తెర మీద సన్నటి గొణుగుడు, అంతే. 10:40 దగ్గర మిట్ట లేదు. అక్కడా కేక రాలేదు! మరి ఎక్కడ? ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాను. 10:49కి గీత కొంచెం లేచింది. ఇంకొంచెం. నేనూ దాంతోపాటు లేచి నిలబడ్డాను. 10:51. నిటారుగా ఎక్కుతోంది. ఎక్కుతోందంటే ఏమిటో నాకు తెలుసు. అయినా నీళ్ళవైపు చూడలేదు. శిఖరం చూడాలి. శిఖరం తప్పిపోకూడదు.

10:52.

ఎవరో అరిచారు. ఆ అరుపు రెండుసార్లు వినపడింది.

నేను తలెత్తేసరికి చెల్లి ఉన్నచోట నీళ్ళున్నాయి. చుట్టూ ఉన్నవాళ్ళు కదల్లేదు, అదీ పాఠంలో భాగమే అనుకున్నారట. బేకరీ ఆవిడ ఒక్కతే ముక్కు మూసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, మునిగింది. చెల్లి జుట్టు పట్టుకుని లేచింది. గార్డు పరిగెత్తుకొచ్చి దూకాడు. చెల్లి కళ్ళు తెరిచే ఉన్నాయి. తల కుడివైపు. గట్టు మీద పడుకోబెట్టి వీపు చరిచారు. దగ్గింది, నీళ్ళు కక్కింది. మళ్ళీ దగ్గింది.

బేకరీ ఆవిడ నా మోచేయి పట్టుకుని కుదిపేస్తోంది. "అంబులెన్సుకి ఫోన్ చెయ్యండమ్మా! చేతిలో ఫోనుందిగా, చూస్తారేం?"

చేతిలో ఫోనుంది. చూస్తున్నాను.

మార్చి 28

ఆసుపత్రి. ఊపిరితిత్తుల్లోకి కొంచెం నీళ్ళు వెళ్ళాయి. ప్రమాదం లేదన్నారు. నిద్రపోతోంది.

వరండాలో ఉండగా గడియారం గారు ఫోన్ చేశారు. గొంతు వణుకుతోంది, ఆనందంతో.

"మేడమ్, నిన్నటి కేక చూశారా? పన్నెండు నిమిషాలు ఆలస్యం! ఒకేసారి! నా గడియారమే తప్పిందేమోనని మూడుసార్లు సరిచూశాను. కాదు. ఆ నక్షత్రానికే ఏదో అయింది. పేపర్ రాసి తీరాలి మీరు."

"రాద్దాం" అన్నాను.

"మీ గొంతేంటి అలా ఉంది?"

"ఆసుపత్రిలో ఉన్నానండి. చెల్లి నీళ్ళలో పడింది."

"క్షమించమ్మా" అన్నారు. ఆయన నన్ను నువ్వు అనడం ఇదే మొదటిసారి. "ఎన్ని గంటలకి?" అని ఆయన అడగలేదు. మామూలు మనుషులు అడగరు.

మార్చి 31

నరాల డాక్టరు నోటుబుక్ తిరగేసింది.

"ఇంత శ్రద్ధగా రాసినవాళ్ళని నా సర్వీసులో చూడలేదు." పేజీలు వెనక్కి తిప్పింది. "మొదటిది ఫిబ్రవరి పదహారు." క్యాలెండర్ వైపు చూసింది. "ఆరు వారాలు."

ఆవిడ నోటుబుక్ మూసింది.

"మెదడులో ఒకచోట చిన్న మచ్చ ఉందమ్మా. చిన్నప్పటి జ్వరానిదే అయ్యుండొచ్చు. అక్కడ పుడుతోంది మూర్ఛ. మాత్రలకి లొంగే రకమే. అప్పుడే తీసుకొచ్చి ఉంటే నీళ్ళదాకా పోయేది కాదు. ఇంకోటి, గార్డునీ క్లాసువాళ్ళనీ కనుక్కున్నాం. పూల్ దగ్గర నాలుగుసార్లు వచ్చిందట, అలసట అనుకున్నారట. అవి ఇందులో లేవే?"

తేదీలు అడిగి రాసుకున్నాను. ఇంటికొచ్చి పట్టికతో పోల్చాను. ఆ నాలుగూ కేకలకి దగ్గర్లో కూడా లేవు.

అవి వేరే రకం అయ్యుంటాయి.

పై వాక్యం కొట్టెయ్యాలని కలం ఎత్తాను. ఉండనిచ్చాను. నా బుద్ధి ఎలాంటిదో నాకు గుర్తుండాలి.

చెల్లి ఏడాదిపాటు నీళ్ళలో దిగకూడదు. ఆ మాట డాక్టరు చెబుతుంటే గోడవైపు తిరిగి పడుకుంది.

ఏప్రిల్ 2

మాత్రలు మొదలై మూడో రోజు. నిన్న రెండు కేకలు, ఇవాళ ఒకటి. చెల్లికి ఏమీ రాలేదు.

ఏప్రిల్ 6

ఆసుపత్రివాళ్ళు నోటుబుక్‌ను ఫైల్లో పెట్టి చెల్లి చేతికే ఇచ్చారట. ఇవాళ నేను వచ్చేసరికి వంటింట్లో బల్ల ముందు కూర్చుని చదువుతోంది.

"తి. అంటే ఏంటక్కా?"

చెప్పాను.

"తిక్కదా?" మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళింది. వేలితో ఒక్కో వరసా చదివింది. "ఇక్కడ వంటింటి గడియారం ముందుందని తీసేశావు. ఇక్కడ వెనకుందని కలిపావు. పాపం, అదేదో ఒకటి తేల్చుకోనివ్వొచ్చుగా."

నేను నవ్వాను. తను నవ్వలేదు.

"నేనేమైనా మర్చిపోతున్నానా అని అడిగాను నిన్ను."

"అడిగావు."

"డాక్టరు ఊళ్ళో లేడన్నావు."

"అన్నాను."

"ఆ రోజు పూల్‌కి ఎందుకొచ్చావు?"

"నీకేమైనా అవుతుందేమోనని."

"అవుతుందని ముందే తెలుసా?"

"అనుకున్నాను."

"మరి ఆపడానికి వచ్చావా?"

అవునంటే నమ్మేది. చిన్నప్పట్నుంచీ నేనేం చెప్పినా నమ్మింది.

"చూడటానికి" అన్నాను.

చెల్లి మాట్లాడలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. కదల్లేదు. పెదవులు కొద్దిగా కదిలి ఆగిపోయాయి. తల మెల్లగా కిటికీ వైపు తిరిగింది. ఫ్రిజ్ మోత తప్ప ఇంకేం లేదు గదిలో.

నేను గోడ గడియారం వైపు చూశాను.

"ఎన్ని సెకన్లయిందక్కా?" అంది చెల్లి, కిటికీ వైపు చూస్తూనే.

నా దగ్గర జవాబుంది. నలభై ఒకటి.

ఏప్రిల్ 7

చెల్లి వెళ్ళిపోయింది. బేకరీ ఆవిడ ఇంట్లో పై గది ఖాళీగా ఉందట. ఆవిడే వచ్చి సూట్‌కేసు మోసుకెళ్ళింది. నాకు నమస్కారం పెట్టింది గాని లోపలికి రాలేదు. మాత్రల పెట్టె, డాక్టరు చీటీ, అన్నీ చెల్లే గుర్తుపెట్టుకుని సర్దుకుంది. ఏ పూట ఏ మాత్రో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

నిన్నటి నలభై ఒక్క సెకన్ల గురించి పట్టిక చూడలేదు. చూడను.

ఏప్రిల్ 9

అరవై రోజులు అయిపోయాయి. డిష్‌ను ఆకాశం నడిమికి తిప్పి తాళం వేశాం. పేపర్ గడియారం గారినే రాయమన్నాను, నా పేరు వద్దన్నాను. ఆయన ఎందుకని అడగలేదు. సరిదిద్దిన కొత్త పట్టిక నా బల్ల మీద పెట్టి వెళ్ళారు.

చూశాను.

ఏప్రిల్ 6, మధ్యాహ్నం 3:25. అప్పటికి ఆరు గంటల ముందు ఒక కేక ఉంది. నాలుగు గంటల తర్వాత ఇంకొకటి ఉంది. మధ్యలో ఏమీ లేదు, సన్నటి గొణుగుడు తప్ప.

ఆ నలభై ఒక్క సెకన్లూ చెల్లి అక్కడే ఉంది. నాతో మాట్లాడబుద్ధి కాలేదు, అంతే.